జత కట్టిన ఇంజన్లు

పోయిన నెల శ్రీను వచ్చి, నన్ను కారెక్కించుకుని అల్లూరు అవతల ఉన్న తన రొయ్యల గుంటల దగ్గరకు తీసుకెళ్లాడు. వాడు ఎనిమిదో తరగతిలో నా దగ్గర లెక్కలు చదువుకున్నవాడు. ఒక్కసారే గుంజీలు తీయించానని నేనంటాను, వారానికోసారి అని వాడంటాడు. ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు. గట్టు మీద షెడ్డులో రెండు జనరేటర్లు పక్కపక్కనే తిరుగుతున్నాయి. కరెంటు పోతే నీళ్లు చిలికే చక్రాలు ఆగిపోతాయి, అవి గంటసేపు ఆగితే రొయ్య తేలిపోతుందట, అందుకని రెండు. కొన్న కొత్తలో వాటికి పొత్తు కుదరలేదనీ, ఒకటే మొత్తం లోడు మోస్తుంటే రెండోది ఊరికే తిరిగేదనీ, చివరికి కంపెనీ కుర్రాడొకడు వచ్చి ల్యాప్‌టాప్ తగిలించి గంటలో సర్ది పోయాడనీ చెప్పాడు. బోర్డు మీద రెండు పచ్చ గీతలు సరిగ్గా ఒకే ఎత్తులో నిలబడి ఉన్నాయి. "ఇప్పుడు ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు టీచర్, వాటికవే సగం సగం పంచుకుంటాయి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఎందుకో చెబుదామంటే ఆ మోతలో వినబడదని ఊరుకున్నాను. బయల్దేరేటప్పుడు గోనెపట్టాలో చుట్టిన దిండంత పుస్తకం ఒకటి నా ఒళ్లో పెట్టాడు. సముద్రం ఒడ్డున మూతబడిన పాత ఐసు ఫ్యాక్టరీని మేత బస్తాలు పెట్టుకోవడానికి కొన్నాడట. దూలం మీద రేకు డబ్బాలో దొరికిందట. అట్ట తెరిస్తే లోపల మా నాయన చేతిరాత.

ఆ ఫ్యాక్టరీ గోడకు ఆనుకునే మా ఇల్లు ఉండేది. ఇల్లనడం మర్యాదకే; రెండు గదులు, ఒక వంట వసారా, వసారా గోడకు ఇంజన్ల కొట్టంలోకి తెరుచుకునే కిటికీ. ఊరికింకా కరెంటు లైను రాని రోజులు. డీజిలు పీపాలు కాలువ మీద పడవల్లో వచ్చేవి, ఐసు దిమ్మలు ఊక కప్పుకుని లారీల్లో పోయేవి. మా ఇంట్లో ఏది ముట్టుకున్నా డీజిలు వాసనో, ఎండుచేప వాసనో వచ్చేది. అప్పుడప్పుడు అమోనియా లీకయితే కళ్లు మండి, ఉల్లిపాయ తరగకుండానే ఏడ్చేవాళ్లం. క్రిస్మసుకు కుట్టించుకున్న పరికిణీ పెట్టెలో దాచుకున్నా, గుడికి కట్టుకుపోయేసరికి దానికీ ఇంజను నూనె వాసన పట్టేది. మా అమ్మ మార్తమ్మకు ఇంజన్ల సంగతి ఏమీ తెలియదని నాయన అనేవాడు. అమ్మ మాత్రం అలమరలో బోర్లించిన ఇత్తడి గిన్నెల గలగలను బట్టి, ఏ ఇంజను తిరుగుతోందో, ఎంత బరువు మీద ఉందో గంజి వారుస్తూనే చెప్పేది. మోత ఉంటే మాకు నిద్రపట్టేది, ఆగితే మెలకువ వచ్చేది.

ఇంజన్లు రెండు. పాతది ఫ్యాక్టరీ కామందుగారి బియ్యం మిల్లు నుంచి వచ్చింది, దానితోపాటు దాని డ్రైవరు పోలయ్య కూడా వచ్చాడు. కొత్తదని పిలిచేది మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మేసింది. దాన్ని నడపడానికి మిలిటరీ వర్క్‌షాపులో పని నేర్చుకున్న మా నాయన యోహానును పెట్టుకున్నారు. ఎవరి ఇంజనుకు వాళ్లే జవాబు చెప్పుకోవాలన్నది కామందుగారి కట్టుబాటు. పోలయ్యది చేపలు పట్టే పల్లె. నాయనకంటే పదేళ్లు పెద్ద, అందుకని నేను పెదనాయనా అనేదాన్ని. మిల్లులో ఉన్నప్పుడు ఆ పాత ఇంజను బెల్టే ఆయన ఎడమచేతి వేళ్లు రెండు తినేసింది. ఆ చేత్తో వల లాగలేడు, తెప్ప తోయలేడు. ఇంజను ఉన్నన్నాళ్లే ఆయనకు కూడు. భార్య పోయినప్పటి నుంచి మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. మా క్రైస్తవుల ఇంట్లో చెయ్యి కడగడానికి వెనకాడేవాళ్లు ఆ పల్లెలో తక్కువేం కాదు. "మార్తమ్మ పులుసు తినకుండా కాపాడుకున్న కులం నాకెందుకు" అనేవాడు ఆయన, రెండోసారి అన్నం పెట్టించుకుంటూ.

నేనప్పటికి స్కూలు ఫైనలు పాసై, టీచరు ట్రైనింగులో సీటు కోసం ఎదురు చూస్తూ ఇంట్లో ఉన్నాను. గంటగంటకూ ఇంజన్ల లెక్క పుస్తకంలో రాయాలని కామందుగారు పెట్టిన నియమం ఇద్దరు డ్రైవర్లకూ తలనొప్పిగా ఉండేది. నూనె చేతుల్తో ముట్టుకుంటే పేజీ చిరుగుతుంది, ముట్టుకోకపోతే ఆయన అరుస్తాడు. ఆ పని నా నెత్తిన పడింది. వసారా కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చునేదాన్ని. మోతలో మాట వినబడదు కాబట్టి వాళ్లు వేళ్లు చూపించేవాళ్లు. ఒక వేలు పది ఆంపియర్లు, మడిచిన వేలు అయిదు. పెదనాయనకున్నవి ఎనిమిది వేళ్లే, పాత ఇంజను హద్దు కూడా ఎనభయ్యే. "నా వేళ్లు అయిపోతే దాని పనీ అయిపోయినట్టే" అనేవాడు. ఇక సైకిల్స్ మీటరు, అంటే ఇంజన్ల వేగం చెప్పేది, కిటికీ పక్క గోడకే ఉండేది. దానిలో ముల్లు లేదు. వరుసగా చిన్న చిన్న రేకులు, ఏ రేకు వణికితే అంత. యాభై రేకు వణుకుతుంటే అంతా క్షేమం.

రాత్రికి ఒక ఇంజను చాలు. పొద్దెక్కి ఎండ ముదిరాక ఐసు గది కంప్రెసర్లు రెండూ నడవాలి, అప్పుడు రెండో ఇంజనును జత కట్టేవాళ్లు. ఎడ్లకు వాడే మాటే దీనికీ వాడేవాళ్లు. బోర్డు మీద మూడు బల్బులుండేవి. రెండింజన్ల నడక కలవనంతసేపూ అవి వెలిగి ఆరి, వెలిగి ఆరి, కలిసే కొద్దీ నెమ్మదిగా ఊపిరి తీసినట్టు వెలిగేవి. పూర్తిగా ఆరిన క్షణం చూసి నాయన స్విచ్చి వేసేవాడు. ఆ తర్వాత రెండూ ఒకే వేగంతో తిరగక తప్పదు; ఎవరెంత బరువు మోయాలన్నది మాత్రం ఇంజనుకు డీజిలు కొలిచి వదిలే గవర్నరు చేతిలో ఉంటుంది. దాని మర ఒక్క పిసరు బిగిస్తే ఆ ఇంజను రెండోదాని బరువు కొంత తన మీదకు లాక్కుంటుంది, రెండింటి వేగమూ కాస్త పెరుగుతుంది. పెదనాయనకు ఇది మొదట్లో విడ్డూరంగా ఉండేదట. వాసానికి కట్టి మోసేటప్పుడు కిందకు పట్టినవాడి మీదకే బరువు జారుతుంది, ఇక్కడేమో పైకి లేపినవాడి మీదకు వస్తుంది. ఉన్న బరువు నూట ఇరవై ఆంపియర్లు, చెరి అరవై. నా పుస్తకంలో నెలల తరబడి అదే లెక్క.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో నాయనకు టైఫాయిడు వచ్చింది. మూడు వారాలు మంచం మీదున్నాడు, అన్నాళ్లూ రెండింజన్లూ పెదనాయనే చూసుకున్నాడు. నాయన లేచి పనిలోకి వచ్చాడు గానీ, చొక్కా కొయ్యకు తగిలించినట్టుండేది. గంటకోసారి ఇంట్లోకి వచ్చి గంజి తాగి పోయేవాడు. అప్పటి నుంచి నా లెక్క పాడైంది. ఒక గంట నాయన ఏడు వేళ్లు, పెదనాయన అయిదు. మరో గంట పెదనాయన ఏడున్నర, నాయన నాలుగున్నర. అమ్మ గిన్నెలు కూడా కొత్త రాగం అందుకున్నాయి. దానికి తోడు పొద్దున్నే ఇంజను లేవడం కష్టమైంది. అంత పెద్ద ఇంజన్లను చేత్తో తిప్పి లేపలేరు. ఇనప సిలిండరులో బిగించిన గాలిని ఒక్కసారి వదిలితే, ఆ తోపుకు చక్రం తిరిగి అంటుకుంటుంది. రెండింటికీ కలిపి ఒకటే సిలిండరు. ముందురోజు నింపి పెట్టిన గాలి తెల్లవారేసరికి సగం పోయేది. ఎక్కడ పోతోందో అంతుపట్టేది కాదు. పాత ఇంజనుకు పోగాలం దాపురించిందని ఫ్యాక్టరీలో అందరూ అనుకోవడం మొదలుపెట్టారు.

అది సోమవారం. తెప్పలన్నీ నిండుగా ఒడ్డుకు వచ్చిన రోజు. భోజనాలయ్యాక ఒక కంప్రెసరును కాసేపు ఆపారు. ఉన్న బరువు ఒక్కసారి సగమైంది. ఆ సగం బరువునూ కొత్త ఇంజనే లాక్కుంది. పాతది మోయడం మానేసి కొత్తదాని చేత తోయించుకుంటూ తిరగడం మొదలుపెట్టింది. మళ్లీ కంప్రెసరు వేసేసరికి కొత్తదాని స్విచ్చి తట్టుకోలేక పడిపోయింది. బరువు దిగగానే అది పరుగందుకుని, వేగం హద్దు దాటితే డీజిలు ఆపే కొక్కెం పడి ఆగిపోయింది. మొత్తం మీద పడ్డ పాతది నల్లగా పొగ కక్కి తానూ ఆగింది. గిన్నెలు నిశ్శబ్దమయ్యాయి. అమ్మ గరిటె పట్టుకునే బయటకు వచ్చింది.

సిలిండరులో ఒక్క ఇంజనును లేపడానికి సరిపడా గాలి ఉంది. ఏదో ఒకటి లేస్తే చాలు, దాని పంపే మళ్లీ గాలి నింపుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసీ పెదనాయన నాయనతో, నీది తియ్ తమ్ముడా, నాది లేవకపోతే ఉన్న గాలీ దండగ అన్నాడు. నాయన, కాదన్నా, నీది వేడి మీదుంది, నీదే ముందు అన్నాడు. నువ్వంటే నువ్వని పెళ్లిపందిట్లో వియ్యంకులు చెయ్యి పట్టుకున్నట్టు ఇద్దరూ ఆ వాల్వు దగ్గర నిలబడ్డారు. ఇంజన్లు ఆగిన నిశ్శబ్దంలో సన్నగా బుస్సుమని చప్పుడు నాకు వినబడుతోంది, గాలి మీటరు ముల్లు కళ్ల ముందే దిగుతోంది. నేను కొట్టంలోకి పరిగెత్తి, "ఇయ్యాళ సోమవారం, సోమవారం నాయనది, తియ్ నాయనా" అన్నాను. సోమవారానికీ నాయనకూ ఏ సంబంధమూ లేదు. నాయన గాలి వదిలాడు. చక్రం ఒకటిన్నర చుట్టు తిరిగి, ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. చేతిపంపుతో మనుషులు వంతులవారీగా గాలి కొట్టి ఇంజను లేపేసరికి పొద్దుగూకింది. ఆ రోజు చేపలో సగం ఐసు దక్కక ఇసకలో ఎండబెట్టుకోవాల్సి వచ్చింది.

కామందుగారు చెడ్డవాడు కాదు. మర్నాడు వచ్చి ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. వచ్చే వారం మద్రాసు నుంచి పెద్ద మెకానిక్కు వస్తాడనీ, పాతది పనికిరాదని ఆయనంటే తీసేసి ఇంకోటి తెస్తాననీ చెప్పాడు. అప్పుడు మీరొక్కరే రెండూ చూసుకోవచ్చు అని నాయనతో అన్నాడు. పెదనాయన ఆ మాటలు వింటూ, ఉన్న మూడు వేళ్లతో ఇంజను మీది దుమ్ము గుడ్డ పెట్టి తుడుస్తూనే ఉన్నాడు. నాయన ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు భయం వేసింది. ఇంజను కోసం కాదు. మధ్యాహ్నం మా ఇంట్లో ఆ పీట ఖాళీగా ఉంటుందని భయం.

ఏం చేయాలో తోచక పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. లోడు పోతూ వస్తూ ఉంది గానీ, రెండూ కలిపితే ఎప్పుడు చూసినా నూట ఇరవయ్యే. చిత్రమేమంటే సైకిల్స్ గడి. పొద్దున జత కట్టినప్పుడు యాభై. గంట గడిస్తే యాభై పైన. మధ్యాహ్నానికి యాభై ఒకటి, ఒక్కోరోజు యాభై రెండు. లోడు ఒకదాని మీంచి ఇంకోదాని మీదకు ఊరికే జారితే వేగం పెరగదు. ఎవరో మర బిగిస్తేనే పెరుగుతుంది. ఊసుపోక నేను పేజీ అంచున గీసిన గీతలు అప్పుడు కంటబడ్డాయి. పెదనాయన బీడీకి బయటకు పోతే 'బీ', నాయన గంజికి వస్తే 'గం' అని రాసేదాన్ని, ఎవరు ఎక్కువ సార్లు పని ఎగ్గొడతారో లెక్క తేలుద్దామని. 'బీ' ఉన్న ప్రతి గంటలోనూ నాయన లోడు పెరిగింది. 'గం' ఉన్న ప్రతి గంటలోనూ పెదనాయనది పెరిగింది. నేను మూడుసార్లు సరిచూశాను. కట్టుకున్న చీర కొంగుతో ముఖం తుడుచుకుని మరోసారి చూశాను.

మర్నాడు భోజనాల దగ్గర, ఇద్దరూ విస్తళ్ల ముందు కదలడానికి వీల్లేకుండా కూర్చున్నప్పుడు, పుస్తకం తెచ్చి చదివాను. బీ దగ్గర ఆగాను, గం దగ్గర ఆగాను. పెదనాయన కలుపుతున్న ముద్ద విస్తట్లో వదిలేశాడు. నన్ను కాదు, నాయనను అడిగాడు.

"నువ్వెందుకు మర తిప్పినావు యోహానూ?"

"నీ ఇంజను పాతది గదన్నా. బరువు మోయలేక అది పగిలిపోతే నీకు దారేది?" అన్నాడు నాయన. "నువ్వెందుకు తిప్పినావు?"

"జొరం పడి లేసినోడివి. ఇంజను కాగితే నీళ్లు పట్టుకోని దాని పక్కన నిలబడాల్సింది నువ్వు గదా. ఆ కాగేది ఏదో నాదే కాగనీ అనుకున్నా."

అమ్మ పులుసు గిన్నె కింద పెట్టింది. "బాగుండాది. ఒకరి మీద ఒకరికి ప్రేమ ఎక్కువై, ఇద్దరూ కలిసి ఊరి చేపలు కుళ్లబెట్టినారు" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పెద్దవాళ్లను కోప్పడే వయసు కాదు నాది, కానీ కోప్పడ్డాను. మద్రాసు ఆయన వచ్చి ఇదే చూస్తే ఇంజనునే తప్పుపడతాడు, మీ మంచితనం ఆయన మీటర్లలో కనపడదు అన్నాను. పెదనాయన నా వంక చూసి, "అయితే ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు మే" అన్నాడు. నేను టీచరునైంది ట్రైనింగులో కాదు, ఆ మాటతోనే.

గవర్నరు మరల మీద తెల్ల రంగుతో గీతలు గీయించాను. ఒకరోజు నాయన ఇంజను వేగాన్ని చూసుకోవాలి, రెండోది గీత దాటకూడదు, మర్నాడు పెదనాయనది. ఒకళ్లు బయటకు పోతే రెండోవాళ్లు కూడా పోవాలి, ఆ అయిదు నిమిషాలూ కాపలా నాది. దాంతో నాయన బీడీ వాసన పీల్చాడు, పెదనాయన గంజి తాగాడు. గాలి సంగతి అమ్మ తేల్చింది. బట్టల సబ్బు నీళ్లలో చిలికి, నురగ తీసుకొచ్చి సిలిండరు కీళ్లన్నిటికీ పూయమంది. సైకిలు ట్యూబును నీళ్లలో ముంచి చూడరా, అట్లాగే అంది. వాల్వు మెడ దగ్గర నురగ బుడగలు పొంగాయి. తోలు వాషరు అరిగిపోయి ఉంది. అణా ఖరీదు చేయని తోలు ముక్క పెదనాయన మెడ మీదకు తెచ్చింది. మద్రాసు మెకానిక్కు వచ్చి, కర్ర ఒక కొస ఇంజనుకూ ఇంకో కొస చెవికీ ఆనించి విని, నా పుస్తకం తిరగేసి, వారం రోజులుగా అరవై అరవై ఉండడం చూసి, ఈ పాతదానికి ఇంకా చాలా ఆయుష్షుందని చెప్పి, అమ్మ చేతి భోజనం చేసి పోయాడు. పెదనాయన ఆ రోజు మా ఇంట్లో తిని, చెయ్యి కడుక్కుంటూ నా నెత్తి మీద తడిచెయ్యి పెట్టాడు.

ఆ వర్షాకాలంలో నాకు సీటు వచ్చింది, నెల్లూరు వెళ్లిపోయాను. ఇక నుంచి పుస్తకం నాయన రాయాలి. గళ్లు గీసి ఇచ్చి, ఏది మానినా సైకిల్స్ గడి మాత్రం మానొద్దని చెప్పాను. సెలవులకు వచ్చినప్పుడు అడిగితే, అంతా సమానంగానే ఉందమ్మా, చెరి అరవై అనేవాడు. కొన్నేళ్లకు ఊరికి కరెంటు లైను వచ్చింది. పెదనాయన అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకు కుదిరాడు, నాయన నా దగ్గరకు వచ్చేశాడు. ఇద్దరూ పోయి చాలాకాలమైంది. శ్రీను షెడ్డులో ఆ పచ్చ గీతల ముందు నిలబడి, పాతకాలమే మంచిదని అనబుద్ధి కాలేదు నాకు. రొయ్యలకు ఊపిరాడుతోంది, ఎవరి కూడూ పోవడం లేదు, ఏ ముసలివాడూ కాగిన ఇంజను పక్కన నీళ్ల బొక్కెనతో నిలబడనక్కర్లేదు. నేను గీయించిన తెల్లగీత చేయలేని పని ఆ యంత్రం చేస్తోంది. కాకపోతే దానికి రెండోదాని మీద జాలి లేదు.

ఇంటికి వచ్చి నాయన పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివాను. నాయన గడిలో అరవై, పెదనాయన గడిలో అరవై. జత కట్టిన ప్రతి గంటా, ప్రతి రోజూ, ఏళ్ల తరబడి ఒక్క ఆంపియరు అటూ ఇటూ లేదు. నిజం మీటర్లు అంత బుద్ధిగా ఉండవు. ఇన్నేళ్లు పక్కవాడి పలకలో చూసి రాసిన జవాబులు పట్టుకున్నదాన్ని, ఇది పట్టుకోలేనా? పెదనాయన ఆరు వేళ్లు చూపించి ఉంటాడు, నాయన ఆరే అని రాసి ఉంటాడు, ఇద్దరూ నా కోసం. సైకిల్స్ గడికి మాత్రం అబద్ధం అవసరమని వాళ్లకు తోచలేదు, అది ఎవరి బరువు లెక్కా కాదు కాబట్టి. పొద్దున యాభై. మధ్యాహ్నానికి యాభై పైన. సాయంత్రానికి యాభై ఒకటి. మరలు బిగించడం మానలేదు గానీ, స్విచ్చి పడేదాకా మాత్రం పోనివ్వలేదు, అంతవరకు నా మాట విన్నారు. ఆఖరి పేజీ, లైను వచ్చిన రోజుది. రేపటి నుంచి ఈ ఇంజన్లతో పని లేదని నాయనకూ తెలుసు, పెదనాయనకూ తెలుసు. ఆ రోజు కూడా చెరి అరవై అని రాసి ఉంది. ఆ పక్క గడిలో సాయంత్రానికి యాభై ఒకటి.